మూడో చోటు

అమెరికాలోని డులూత్ ఊళ్లో పళ్లకు క్లిప్పులు వేసే డాక్టర్ ఇంగ్రిడ్ హాల్వర్సన్ మనుషుల్ని పళ్లను బట్టే గుర్తుపడుతుంది. చర్చిలో అందరూ కళ్లు మూసుకుని పాడుతుంటే, ఆవిడ తెరుచుకున్న నోళ్లలోకి తొంగిచూస్తూ ఉంటుంది. క్లిప్పులు తీశాక పళ్లు మళ్లీ పక్కకు జరగకుండా ఒక ప్లాస్టిక్ తొడుగు ఇచ్చి, పిల్లలందరికీ ఒకటే పాఠం చెబుతుంది: "ఇది నోట్లో ఉండాలి, లేదా దీని డబ్బాలో ఉండాలి. మూడో చోటు లేదు." తినేముందు దాన్ని తీసి కాగితపు రుమాల్లో చుట్టి, ఎంగిలి పళ్లెంతోపాటు చెత్తలో పడేసే పిల్లలంటే ఆవిడకు ఒళ్లుమంట. అలా మళ్లీ పోగొట్టుకొచ్చిన ఆన్యా అనే పిల్లను మొన్న శనివారం పొద్దున దులిపి వదిలిపెట్టింది.

వయసుతో వంకరపోతున్న తన పళ్లకూ డాక్టరమ్మ అదే తొడుగు పెట్టుకుంటుంది. ఆ మధ్యాహ్నం తీపి సిరప్ పోసుకుని పాన్‌కేకులు తిని హోటల్ బయటికొచ్చి, నాలుకతో పళ్లు తడుముకుంటే తొడుగు లేదు. వెనక్కి పరిగెత్తి, చెత్తడబ్బాలో మోచేతులదాకా చేతులు పెట్టి వెతుకుతుంటే అక్కడే తినడానికొచ్చిన ఆన్యా గొంతు వెనకనుంచి: "అయ్యో డాక్టరుగారూ, మీరా!"

"నవ్వకు. ఊళ్లో తెలిస్తే ఇంక నా మాట ఎవరు వింటారే?"

"ముందు పక్కకు జరగండి, మీకు అలవాటు లేదు. సిరప్ అంటిన కాగితాలే విప్పాలి." రెండు ఉండలు విప్పేసరికి తొడుగు దొరికింది.

సోమవారం ఒక కుర్రాడికి డాక్టరమ్మ పాఠం మామూలుగానే చెప్పింది. తర్వాత తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి, "ఒకవేళ పారేస్తే మాత్రం, ముందు సిరప్ అంటిన కాగితాలు చూడు" అంది.