చిట్టి గుడ్లగూబను చూసినవాడి ఉద్యోగం

ఆ అడవి కాపలాదారుణ్ణి ఆఫీసులో అందరూ లేదుగారు అనేవారు. ఎప్పుడో ముప్పై ఏళ్ల కిందట కనబడి మాయమైన ఒక చిట్టి గుడ్లగూబను వెతకడమే ఆయన ఉద్యోగం. పద్దెనిమిదేళ్లుగా రోజూ సాయంత్రం అయిదింటికి రేకుల గదిలోంచి ఫోను చేసి "లేదు" అనేవాడు. అవతల గుమస్తా రాసుకునేవాడు. ఆ పద్దెనిమిదేళ్లలో ఒక్కసారి కూడా అబద్ధం చెప్పలేదు.

ఒకనాడు మధ్యాహ్నం ఒంటిగంటకు, భార్య తెచ్చిన క్యారేజీ ముందు కూర్చోగానే అది వచ్చింది. దండెం మీద ఆరేసిన ఆయన యూనిఫారం ప్యాంటు పక్కనే వాలి, తల మాత్రం పూర్తిగా వెనక్కి తిప్పి, క్యారేజీలోకి చూసింది.

"ఏమే, అదేనే!"

"మీకు పుణ్యముంటుంది, చూడనట్టు తినండి. అది కనబడిన క్షణమే పోస్టు రద్దని మీ ఉద్యోగం కాగితంలో ఉందిగా. రేపట్నుంచి ఏం వెతుకుతారు, నా మొహమా?"

ఆయనకు ముద్ద దిగలేదు. ఫోను చేశాడు.

"ఇవాళ తొందరగా చేశారే. లేదుగా? రాసేశా" అని గుమస్తా పెట్టేశాడు. మళ్లీ చేస్తే, "ఒకసారి లేకపోతే చాలండీ, రెండోసారి కూడా లేకపోనక్కర్లేదు" అన్నాడు.

"దీన్నో కంట కనిపెట్టి ఉండు" అని భార్యకు చెప్పి, సైకిలెక్కి ఆఫీసుకు పోయాడు.

ఆఫీసరు కళ్లజోడు తీసి, "ఎన్నింటికి చూశావు?" అన్నాడు.

"ఒంటిగంటకండి."

"అంటే ఒంటిగంటకే నీ పోస్టు పోయింది. పోస్టు లేనివాడు చూసింది మా లెక్కలోకి రాదు. బయటివాళ్లు సవాలక్ష చూస్తారు."

"అయితే కనబడనట్టేనాండీ?"

"అంతేగా."

"మరి నా పోస్టు?"

"పిట్ట కనబడందే పోస్టెందుకు పోతుందయ్యా? అసలు డ్యూటీ వదిలేసి ఇక్కడేం చేస్తున్నావు?"

తిరిగొచ్చేసరికి భార్యా, గుడ్లగూబా ఒకరినొకరు రెప్పవేయకుండా చూసుకుంటున్నారు.

"ఉందా, ఊడిందా?" అంది ఆవిడ, కన్ను తిప్పకుండానే.

"ఊడింది. మళ్లీ వచ్చింది."

"హమ్మయ్య. అయిదవుతోంది, ఫోను చేసి రోజూ చెప్పేదే చెప్పేయండి."

ఆయన ఫోను ఎత్తి, గుమస్తా నోరు తెరిచేలోపే "ఉంది" అని పెట్టేశాడు.

"అయ్యో, మళ్లీ ఊడగొట్టుకున్నారుగా!"

"పొద్దున్నే సైకిలేసుకెళ్లి తెచ్చుకుంటాలే. నువ్వు క్యారేజీ తియ్యి, ఆకలేస్తోంది."