గాలిలో నిలబడ్డ బాపు

పెన్సిలు చెక్కితే వచ్చే వాసన నాకు ఇప్పటికీ గుండెల్లో గుచ్చుకుంటుంది, కాని నా కూడు ఆ వాసనలోనే ఉంది. జనగామలో ఒక ఇరుకు గదిలో కూర్చుని జానపద పాటలకు వీడియోలు చేస్తాను. మొన్న ఘనపూర్ పత్తిచేలలో తీసిన పాటలో, చరణానికీ చరణానికీ మధ్య డప్పు మోగేచోట చేత్తో గీసిన బొమ్మలు ఉరకాలని పట్టుబట్టింది నేనే. చూసినవాళ్ళంతా పాత కార్టూన్‌లా ఉందని మెచ్చుకున్నారు. నిజమే, కాని అది మా సుజాతక్క కార్టూన్.

బచ్చన్నపేట దగ్గర మా ఊళ్ళో, వాడకట్టు మొత్తానికి టీవీ ఉన్న ఒకే ఒక్క ఇంటి అరుగు మీద, ఎండాకాలం సెలవుల్లో మక్కపేలాలు ఒళ్ళో పోసుకుని, పిల్లి ఎలుకను తరిమే బొమ్మలు చూస్తూ పొద్దంతా గడిపేవాళ్ళం. సినిమాల్లో మా యాస వినపడితే అది రౌడీ నోటనో పనివాడి నోటనో ఉండేది. పిల్లీ ఎలుకా అసలు మాట్లాడవు గనక సిగ్గుపడకుండా నవ్వేవాళ్ళం. అక్క మాత్రం నవ్వకుండా చెవులు రిక్కించేది.

"సూసినవా తమ్మీ, అడుగడుక్కి దరువున్నది," అనేది.

ఒక ఏడు అక్క తన లెక్కల నోటుబుక్కు మూలల్లో, పుటకొక బొమ్మ చొప్పున బాపును, అంటే మా నాన్నను, గీసింది. తలకు రుమాలు, ఎదురుగా ఒక కొమ్ము విరిగిన మా మేక. బాపు దాన్ని తరుముతూ బావి గడ్డ దాటి గాలిలోకి వెళ్ళి, కాళ్ళాడిస్తూ నిలబడి, కిందికి చూసి, అప్పుడు పడతాడు. అక్క బొటనవేలితో పుటలు జరజరా వదిలితే బొమ్మలు ఉరికేవి, నేను కంచం మీద దరువేసేవాణ్ణి. తిడతాడేమోనని బాపుకు మాత్రం చూపలేదు. పరీక్ష పాసయ్యాక చూపిస్తానంది.

పాత బుక్కులకూ పాత ఇనుముకూ పుల్లఐసు ఇచ్చే ఆయన గంట కొట్టుకుంటూ వచ్చిన రోజు నేను పాతబుక్కుల కట్టంతా ఎత్తి ఇచ్చేశాను. నోరు ఎర్రగా చేసుకుని ఇంట్లోకి వచ్చాక గాని అందులో ఏముందో తెలియలేదు. అక్క నన్ను కొట్టనైనా లేదు.

"పోనీ తియ్, మల్ల గీస్త."

వానలు పడ్డాక అక్కకు జ్వరమొచ్చింది. జనగామ దవాఖానకు పోయిన అక్క ప్రాణంతో తిరిగి రాలేదు. ఆ ఐసు తీపి నా నోట్లో నుంచి ఈనాటికీ పోలేదు.

పాట బయటికి వచ్చాక ఫోను పట్టుకుని ఊరికి వెళ్ళాను. బాపు కళ్ళద్దాలు తుడుచుకుని చూశాడు. మేక దగ్గరికి వచ్చేసరికి ముందుకు వంగాడు.

"గీ విరిగిన కొమ్ముది మన మేకనే గదరా. ఎవలు గీసిన్రు?"

"అక్క గీసింది బాపూ. గా బుక్కు నేనే ఐసుకు ఇచ్చిన. యాదికున్నకాడికి మల్ల నేను గీసిన."

బాపు అడిగితే మొదటి నుంచి మళ్ళీ పెట్టాను. డప్పు మోగింది, రుమాలు ఎగిరింది.

"జర ఆపురా. కిందికి సూడకముందే ఆపు."

ఆపాను. ఇప్పుడు ఆ టీవీ లేదు, అరుగు లేదు, ఐసు గంట మా ఊరి దారే మరిచిపోయింది. బాపు గాలిలో నిలబడ్డ తన బొమ్మను చూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి ఫోను వెలుగు దానంతటదే ఆరిపోయింది.