ముందు ఎవరు లేవాలి

ముప్పై ఏళ్లు బస్సులో టికెట్లు కొట్టిన మనిషి కావడంతో ఆయన్ని అందరూ కండక్టరు గారనే పిలిచేవారు. ముఖం చూసి ఎవరు ఏ స్టాపులో దిగుతారో చెప్పగల ఆయనకు సొంత కొడుకు మాత్రం అంతుపట్టలేదు. వాడు జైలుకెళ్లి ఏడాదైంది. ప్రతి ములాఖత్‌కీ వెళ్లడం, బల్లకి ఇవతల కూర్చోవడం, "ఎలా ఉన్నావురా?" అని అడిగి "బాగున్నా" అనిపించుకుని రావడం. ఈ ఒక్క ముక్క కోసం రెండు బస్సులు మారి రావాలా అని ఆయనకు ఒళ్లు మండేది. వాడు ఇక తనతో మాట్లాడడేమోనన్న భయం అంతకంటే ఎక్కువగా ఉండేది.

ఇంతలో జైలు అధికారిణికి ఓ ఆలోచన వచ్చింది. ములాఖత్ గది ఎలా ఉంటే బాగుంటుందో వచ్చేవాళ్లనే అడుగుదామని పదిమందిని పిలిచి కూర్చోబెట్టింది. ఒకరు ఫ్యానన్నారు, ఒకరు మంచినీళ్లన్నారు. కండక్టరు గారు గోడ గడియారం కావాలన్నారు. ఎంత సమయం ఉందో తెలియకే కొడుకు మాట మొదలుపెట్టడం లేదని ఆయన అంచనా. గడియారం వచ్చింది. తండ్రీకొడుకులిద్దరూ అరగంటా దాన్నే చూస్తూ కూర్చున్నారు.

తన సలహా తుస్సుమందని తర్వాతి సమావేశంలో ఆయనే ఒప్పేసుకున్నారు. ఇంతకీ లోపలున్నవాళ్లని ఎవరైనా అడిగారా అని కూడా అన్నారు. ఎవరూ అడగలేదని తేలింది. మీవాణ్ణి మీరే అడిగి రండి అంది అధికారిణి.

ఈసారి ఆయన బాగోగులు అడగలేదు. "ఈ గదిలో ఒక్కటి మార్చమంటే ఏం మారుస్తావురా?"

కొడుకు గడియారం మీంచి చూపు తిప్పి తండ్రి వైపు చూశాడు. పట్టుబడినప్పటి నుంచి ఎందుకు చేశావని అడిగినవాళ్లే గాని, ఏం కావాలని అడిగిన నాథుడు లేడు.

"టైమవగానే ముందు మమ్మల్ని లేపి తీసుకెళ్లిపోతారు నాన్నా. నేనొచ్చేసరికి నువ్వు కూర్చునే ఉంటావు, వెళ్లడం నాకెప్పుడూ కనపడదు. ముందు మిమ్మల్ని పంపితే నువ్వు నడవడం చూస్తా. మోకాలి నొప్పి తగ్గిందంటావు. నిజమో కాదో నాకెలా తెలుస్తుంది?"

ఆయన చెయ్యి బల్ల కింద మోకాలి మీదకి పోయింది. ఇన్నాళ్లూ దాచింది వాడొక్కడే అనుకున్నారు పాపం.

కొడుకు కోరిక సమావేశంలో చెప్పారు. కొత్తగా కొనాల్సిందేమీ లేదు కదా, వారం తిరక్కుండానే అమలైంది.

ఆ రోజు టైమవగానే కండక్టరు గారు ముందుగా లేచారు. తలుపు దాకా ఇరవై అడుగులు. ఊపిరి బిగబట్టి నాలుగు తిన్నగానే వేశారు. ఐదో అడుగుకి కాలు మొరాయించింది.

"కుంటుతున్నావు నాన్నా," వెనకనుంచి కొడుకు గొంతు.

ఆయన గోడ పట్టుకుని వెనక్కి తిరిగారు.

"అవునురా. చాలా నొప్పిగా ఉంది."