“పక్కన” అని రాయించిన మనిషి

శుక్రవారం ఉదయం వాకాడు నుంచి గూడూరు పోవలసిన మొదటి బస్సు కదలలేదు. కారణం అడిగినవాళ్ళకు డ్రైవరు స్టీరింగు మీద నుంచి చేతులు తీయకుండానే “సాయిబన్న పోయినాడు” అని చెప్పినాడట. నేను బోర్డులు రాసేవాణ్ణి. ఆ బస్సు మీది ప్రతి అక్షరమూ నా కుంచెదే. అందువల్ల ఆయనను గురించి నాలుగు మాటలు రాయడం నా విధి అనుకుంటున్నాను.

ఊరందరికీ ఆయన బస్సు సాయిబు గారు. ఆయనకు ఉన్నది ఒకటే బస్సు. తీరపు ఊళ్ళ జనాన్ని గూడూరు చేర్చి, మద్రాసు రోడ్డున తిరిగే పెద్ద కంపెనీ బస్సుకు అందించడం దాని పని. మన బస్సు వచ్చేదాకా వాళ్ళ బస్సు ఆగాలి. బదులుగా మన బస్సు వాళ్ళ ఆకుపచ్చ రంగు పూసుకోవాలి, వాళ్ళ పేరు మోయాలి. ఒప్పందం అది.

సాయిబు గారు ఆ పేరు రాయించడానికి నా దుకాణానికి వచ్చినప్పుడు కంపెనీ పంపిన వాక్యం చదివి వినిపించినాను: “ఫలానా కంపెనీ వారి కింద నడుచు బస్సు.”

“కింద ఏంది అబ్బయ్యా? కింద ఉండేవి టైర్లు. పక్కన అని రాయి.”

“అట్లా రాస్తే వాక్యం కుదరదన్నా.”

“బస్సు కుదురుగా నడుస్తుందిలే. నువ్వు రాయి.”

రాసినాను. చాలా కాలం కంపెనీలో ఎవరూ దానిని చదివినట్టు లేదు.

రేడియేటరుకు నిమ్మకాయలు కట్టేది చేపల గంపల ఆడవాళ్ళు. ఆయన ఎన్నడూ విప్పలేదు. “కట్టినవాళ్ళే ఎక్కుతున్నారు గదా” అనేవారు. ముఖం తుడుచుకున్న తువ్వాలుతోనే అద్దమూ తుడిచేవారు. బయలుదేరే ముందు దిగి నిలబడి, సముద్రం వైపు దారిలో ఎవరైనా పరుగెత్తి వస్తున్నారేమోనని చూసేవారు.

ఒక ఎండాకాలం కంపెనీ మేనేజరు గూడూరు స్టాండుకు వచ్చినాడు. బస్సు టాపు మీది గంపల నుంచి చేపల నీళ్ళు ఆకుపచ్చ రంగు మీదుగా కారుతున్నాయి. రేపటి నుంచి గంపలు ఎక్కిస్తే తమ బస్సు ఆగదన్నాడు. గంపలు ఎక్కకపోతే ఆ ఆడవాళ్ళ సరుకు మార్కెట్టు చేరకముందే చెడిపోతుంది. కంపెనీ బస్సు ఆగకపోతే సాయిబు గారికి సగం ప్రయాణికులు పోతారు.

ఒక ముసలామె నెత్తి మీది గంప దించకుండానే మేనేజరును అడిగింది: “నువ్వు నిన్న తిన్న వంజరం ఏ రంగు బస్సులో వచ్చిందయ్యా?”

సాయిబు గారు నవ్వలేదు. “మీ రంగు మీకిచ్చేస్తాను” అన్నారు.

ఆ మధ్యాహ్నమే బస్సు నా దుకాణం ముందు ఆగింది. ఆకుపచ్చ అంతా గీకించినారు, కంపెనీ పేరు గీకించినారు. నా చెయ్యి “పక్కన” దగ్గరికి రాగానే పట్టుకున్నారు. “అది నాది. ఉండనీ.”

ఆ తర్వాత గూడూరులో మన బస్సు దుమ్ము కనబడగానే కంపెనీ బస్సు కదిలిపోయేది. చాలక, మా దారిలోనే తమ సొంత బస్సు ఒకటి దించినారు. అది శుభ్రంగా ఉండేది, టైముకు పోయేది, ఎవరికోసమూ ఆగేది కాదు. “మా గంప ఎక్కని బస్సు మేమెక్కం” అన్నారు ఆడవాళ్ళు. వెనక పరుగెత్తి అందుకోలేక మిగిలినవాళ్ళూ దానిని వదిలినారు. సాయిబు గారు మద్రాసు పోయేవాళ్ళను రైలు స్టేషను గేటు దాకా తీసుకుపోయి దించడం మొదలుపెట్టినారు. “రైలు ఎవరి రంగూ అడగదు” అనేవారు. వానలు పడేనాటికి కంపెనీ తన బస్సును వెనక్కి తీసుకుపోయింది. రాజీకి రమ్మని కబురు పంపితే ఆయన అడిగింది ఒకటే: “కిందనా, పక్కననా?” జవాబు రాలేదు. ఆయన మళ్ళీ అడగలేదు.

చివరిదాకా ఆ బస్సుకు రంగు వేయించలేదు. రేకు మీద నల్లని అక్షరాలతో ఆ ఒక్క మాటే మిగిలింది. పిల్లలు దానిని పక్కన బస్సు అనేవారు.

శనివారం బస్సు మామూలు వేళకే బయలుదేరింది. డ్రైవరు దిగి సముద్రం వైపు దారి ఒకసారి చూసి ఎక్కినాడు. అతని పక్కన, సాయిబు గారు కూర్చునే చోట, ఎవరూ కూర్చోలేదు. ఆ ముసలామె తన గంపను టాపు మీదికి ఎక్కించనివ్వకుండా లోపలికి తెచ్చి ఆ సీటు మీద పెట్టింది. గూడూరు దాకా దాని నుంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. తుడవమని ఎవరూ అనలేదు.