బాల్ జాయింటుకు కాపలా

ముందే ఒప్పేసుకుంటాను. పద్దెనిమిదేళ్లు సైన్యంలో బండ్లు నడిపాను గానీ, నా చేత్తో ఒక్క బాల్ జాయింటు ఊడదీసిన పాపాన పోలేదు. ఊడదీసింది మా వర్క్‌షాప్ హవల్దారు. నేను టార్చి పట్టుకున్నాను. నర్సీపట్నం వచ్చాక ఈ కథ చెప్పిన ప్రతిసారీ నా చేతిలో టార్చి కొంచెం కొంచెంగా పానాగా మారిపోయింది.

ఆ కొండ పోస్టుకి చేరింది నవంబరులో, సాయంత్రం నాలుగుంబావుకి. పదమూడు వేల అడుగుల ఎత్తు. కింద మంచు, పైన పొగమంచు. ఎదుటి కొండ మీద ఉన్నవాళ్లకి మన తుమ్ము కూడా వినిపిస్తుందని చెప్పారు. తుమ్ములు మింగడం నేర్చుకున్నాం.

మూడో రోజు జీపు ముందు చక్రం దగ్గర టక్, టక్ మంది. బాల్ జాయింటు అరిగింది. మన భుజంలాగే గిన్నెలో గుండు తిరిగే కీలు అది. దాని కాడ చక్రాన్ని మోసే ఇనుపదిమ్మలో బిగుసుకుపోయి ఉంటుంది.

హవల్దారు దానికి పుల్లర్ తగిలించాడు. రెండు కొక్కేలు దిమ్మని పట్టుకుంటాయి, మధ్యలో బోల్టు కాడని బయటికి నెడుతుంది. బోల్టు బిగించి చేతులు దులుపుకున్నాడు.

"ఇక రమ్మని బతిమాలకు. దానికి తోచినప్పుడు వస్తుంది. రెండు మాటలు గుర్తుపెట్టుకో. కాడ మీద నట్టు పూర్తిగా తీయకు, నాలుగు చుట్లు ఉంచు. ఊడినప్పుడు పుల్లర్ ఎగరకుండా ఆపేది అదే. రెండోది, దాని ఎదుట కూర్చోకు."

అందరం బంకరులోకి వెళ్లాం. నలభై నిమిషాలు. టీ చల్లారిపోయింది. బయట ఒక్క మనిషి లేడు. అప్పుడు పేలింది, అచ్చం తుపాకీలాగే. రేడియో గరగరలాడింది.

"ఎవరు కాల్చారు? ఓవర్."

"ఎవరూ కాల్చలేదు. ఓవర్."

"మరి చప్పుడు?"

"జీపు చేసింది. ఓవర్."

ఎదుటి కొండ మీద చప్పుడు లేదు. వాళ్లూ చెవులు రిక్కించి కూర్చున్నారని మాకు తెలుసు.

పదేళ్ల తర్వాత, మొన్న వేసవిలో, అదే టక్ మా ఇంటి కారులో వినిపించింది. మా అమ్మాయి లావణ్య తొలిచూలు పురిటికి మా ఇంటికొచ్చింది. డాక్టరమ్మ ఇంకా పది రోజులంది. ఆసుపత్రి దారిలో గుంతకో టక్. నిండు మనిషిని ఈ కారులో ఎలా తీసుకెళ్తాం? షాక్ అబ్జార్బర్లూ, చక్రాన్ని బండికి కలిపే కింది ఆర్మూ మార్చేద్దామనుకున్నాను. ఆర్మ్ రావాలంటే ముందు బాల్ జాయింటు ఊడాలి.

"మెకానిక్కుని పిలిస్తే బేగి అయిపోద్ది కదండీ," అంది మా ఆవిడ సత్యవతి.

"మిలట్రీలో ఇలాంటివి ఎన్ని పీకానో తెలుసా?"

"ఏటో... పిల్ల పురుడు ముందెట్టుకుని మీ పీకుడేటో."

శనివారం ఉదయం ఏడుంబావుకి కారు కింద చేరాను. కారు కీలు కన్నా ముందు నా మోకీలు టక్‌మంది. నట్టు పూర్తిగా తీసేసి కాడ మీద సుత్తితో కొట్టాను. పదో దెబ్బకి దాని మర పుట్టగొడుగులా విచ్చుకుంది. నట్టు ఇక ఎక్కదు. హవల్దారు మొదటి మాట అలా పోయింది.

పదిన్నరకి పుల్లర్ తగిలించి బిగించాను. రాలేదు. ఇంకా బిగించాను. రాలేదు. ఇంట్లోవాళ్లని ఇటు రావద్దని చెప్పి ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నాను. వాకిట్లో నీడ ఒక్క మునగచెట్టు కిందే ఉంది. ఆ నీడ సరిగ్గా పుల్లర్‌కి ఎదురుగా ఉంది. రెండో మాట అలా పోయింది.

గాలి లేదు. కాకి కూడా అరవలేదు. ఇంట్లోవాళ్లు ఎందుకో గుసగుసగా మాట్లాడుకుంటున్నారు. అప్పుడప్పుడూ బోల్టు నుంచి సన్నగా ఒక కిర్. చూస్తూ ఉంటే ఊరుకునేది. చూపు తిప్పగానే అనేది. నేను దానికి కాపలానో, అది నాకు కాపలానో కాసేపటికి అర్థం కాలేదు.

రెండూ నలభైకి లోపలి నుంచి లావణ్య కేక.

"నాన్నా! నొప్పులు!"

"పది రోజులన్నారు కదే!" సత్యవతి గొంతు.

"కడుపులో ఉన్నోలికి ఎవలూ సెప్పలేదమ్మా!"

ఎదురింటి అప్పలరాజు ఆటో తెచ్చి మా కారుని చూశాడు. "మిలట్రీ బాబాయ్, నాలుగో సక్రం ఏదీ?"

"సెలవులో ఉంది. ఆటో తియ్యి."

బోల్టు వదులు చేద్దామంటే దగ్గరికెళ్లే ధైర్యం లేదు, ఆగే సమయమూ లేదు. గేటుకి తాళం వేసి, 'లోపలికి రావద్దు' అని సుద్దముక్కతో రాసి ఆటో ఎక్కాను.

సాయంత్రం ఆరుంబావుకి మనవరాలు పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం.

మర్నాడు ఉదయం ఎనిమిదీ పదికి నేనూ సత్యవతీ బట్టల కోసం ఇంటికొచ్చాం. గేటు తాళం వేసినట్టే ఉంది. బాల్ జాయింటు ఊడిపోయి ఉంది. పుల్లర్ అక్కడ లేదు. కుర్చీ నేను లేచినచోటే, లేచినట్టే ఉంది. ఎండకు పెళుసెక్కిన దాని వీపులో, నా గుండె ఉండాల్సిన ఎత్తులో, పిడికిలంత కన్నం. పుల్లర్ మునగచెట్టు మొదట్లో పడి ఉంది.

గోడ అవతల ఉండే ముసలమ్మగారివి పాము చెవులు. మా ఇంట్లో గొణుక్కున్నా ఆమెకి వినిపిస్తుంది. "నిన్న ఎన్నింటికి పేలిందండీ?" అని అడిగాను.

"ఏటి పేలింది బాబూ? నానిక్కడే సింతపండు పిక్కలు తీసుకుంటన్నాను. సీమ సిటుక్కుమన్నేదు."

సత్యవతి కన్నంలో చెయ్యి పెట్టి చూసింది. "పిల్ల పిలవకపోతే..." అని, మిగతా మాట మింగేసింది.

కొత్త జాయింటు మెకానిక్కే బిగించాడు. నేను టార్చి పట్టుకున్నాను.

నెల దాటింది. మనవరాలిని భుజాన వేసుకుని వాకిట్లో తిరుగుతుంటే ఆ కుర్చీ వైపే కళ్లు పోతాయి. సాయంత్రపు ఎండ ఆ కన్నంలోంచి దూరి గోడ మీద గుండ్రంగా నిలబడుతుంది. పిల్ల దాన్ని చూసి నవ్వుతుంది. నేను తుమ్ము వచ్చినా మింగుతాను.

కుర్చీ పారెయ్యమంది సత్యవతి. పారెయ్యలేదు. పాత బాల్ జాయింటుని దాన్లో కూర్చోబెట్టి, తాడుతో కట్టి, మునగనీడ అందనంత దూరంలో నడి ఎండలో డ్యూటీ వేశాను. కాపలా దిగే రిలీఫ్ ఎప్పుడో దానికి చెప్పలేదు. నాకు తోచినప్పుడు.