కండ్లు ముందు పెట్టిన బొమ్మ

దయ్యాల కథలు చెబితే నవ్వే రకం నేను. ఆలూరులో మా ఇంట్లో పొద్దునా సాయంత్రం ప్రార్థన. గాలీ ధూళీ అని ఎవరైనా మాటెత్తితే మా నాయన ఊరుకునేవాడు కాదు. దానికి తోడు నాది నర్సు ఉద్యోగం. డబ్లిన్ ఆసుపత్రిలో ఎన్నో చావులు చూశాను, ఒక్కరూ తిరిగొచ్చి పలకరించలేదు.

బొమ్మలు వేయడం ఆ దేశం పోయాకే మొదలైంది. అక్కడి ముసురుకు విసుగొచ్చి, చిన్నప్పుడు చూసిన తోలుబొమ్మల ఎరుపూ నలుపూ గుర్తుచేసుకుని కాన్వాస్ మీద వేసేదాన్ని. జనానికి నచ్చాయి. అయినా అసలు పని రాదే అన్న బాధ నాకుండేది. పోయిన ఎండాకాలం సెలవు పెట్టి, కడప దగ్గర ఒక పల్లెలో తోలుబొమ్మలు చేసే రంగప్ప దగ్గర చేరాను.

ఆయన మొదటి రోజే చెప్పాడు. “కండ్లు కడాకు పెట్టాలమ్మా. కండ్లొస్తే బొమ్మకు పానమొచ్చినట్లే. పానమొచ్చినాంక అది నడవాలని చూస్తాది.”

తలూపాను. కానీ నాది ఇన్నేళ్ళూ మనుషుల ముఖాలు వేసిన చెయ్యి. కళ్ళు కుదిరితేనే మిగతాది కుదురుతుంది నాకు. ఒక మధ్యాహ్నం ఆటకత్తె బొమ్మ వేస్తూ, అలవాటున రెండు కళ్ళూ దిద్దేశాను. నడుము కింద ఇంకా వట్టి తోలే.

అది రేకుల గది. ఉక్కపోత, మేకతోలు వాసన. నాకు ఉబ్బసం. ఆయాసం మొదలైంది. పీల్చే మందేమో సంచిలో, సంచి బయట అరుగు మీద. లేచి చూస్తే తలుపు వేసి ఉంది.

తోశాను, లాగాను. కదల్లేదు. ఆ తలుపుకు లోపలా బయటా గడియ లేదని నాకు తెలుసు. పిడికిళ్ళతో బాదాను. బయట రంగప్ప దగ్గు, ఆయన భార్య చాటలో బియ్యం చెరుగుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉన్నాయి. నేను “రంగన్నా” అని అరుస్తుంటే వాళ్ళు కూతురింటికి ఎప్పుడు పోదామా అని తీరిగ్గా మాట్లాడుకుంటున్నారు. చచ్చేంత భయం వేసింది. ఊపిరాడక మనిషి ఎలా పోతాడో నేను కళ్ళారా చూసినదాన్ని.

వెనక్కి తిరిగితే బొమ్మ నన్నే చూస్తోంది. దానికి కాళ్ళు లేవు.

ఏమనుకున్నానో చెప్పలేను. కూర్చుని కాళ్ళు వేశాను. గొంతులో పిల్లికూతలు. రెండో పాదానికి చిటికెన వేలు దిద్దగానే వీపుకు గాలి తగిలింది. తలుపు బార్లా తెరిచి ఉంది.

పాకుతూ పోయి సంచి అందుకున్నాను. ఊపిరి నిలబడ్డాక రంగప్ప మీద పడి ఏడ్చాను, తిట్టాను. ఆయన బిత్తరపోయాడు.

“తలుపు యాడ మూసినామమ్మా? పొద్దుననుంచి తెరిచే ఉండాది. నువ్వు బొమ్మ ముందర కదలకుండా కూర్చోనుంటే మేం ఈణ్నుంచి చూస్తానే ఉండాం.”

ఆయాసం ఎక్కువై భ్రమపడ్డావని ఎవరికైనా నేనే చెబుతాను. మరి నా వేళ్ళ కణుపుల మీద చర్మం ఎందుకు లేచిపోయింది? తలుపు లోపలివైపు ఆ నెత్తురు మరక ఎక్కడిది? రంగప్ప భార్య దాన్ని తడిగుడ్డతో తుడిచింది. ఎంత ఆలోచించినా ఈరోజుకీ నాకు అంతుపట్టలేదు.

ఇప్పుడు డబ్లిన్‌లో కూడా కళ్ళు ఆఖర్నే పెడతాను. అవి పెట్టేటప్పుడు తలుపు తెరిచి, మూసుకోకుండా కుర్చీ అడ్డం వేస్తాను. తలుపు తెరిచుంటే ఇంక భయమేముందని మా ఆయన ఆటపట్టిస్తాడు.

ఆ రోజు కూడా తలుపు తెరిచే ఉందని ఆయనకు చెప్పలేదు.