సార్‌ను ఒక్క మాట అడగలేదు

మా సైన్సు సార్ పోయారు. పొద్దున్నే ఆయన పెద్దకొడుకు ఫోన్ చేసి, "నాయన పోయినాడన్నా. ఏ బాధా తెలీకుండా నిమ్మళంగా పోయినాడు" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. తెలియకుండా చేసింది మనమే కదరా అనబోయి ఆగాను. ఆ 'మనం'లో నేనూ ఉన్నాను.

చిత్తూరులో శవం దగ్గరికి వచ్చినవాళ్లలో ముగ్గురు నన్ను పక్కకు పిలిచి, బీడీలు తాగేవాడా అని అడిగారు. సార్ జన్మలో ఒక్కటి ముట్టలేదు. ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చినవాడు ఏదో ఒక తప్పు చేసి ఉండాలని వీళ్లకు ఎంత ఆశో! దండ వేసి నోరు మూసుకుని వెళ్లమని ముఖం మీదే చెప్పాను.

సార్ మాకు ఎనిమిది నుంచి పది దాకా చెప్పారు. సుద్ద అంటిన చేతిని ప్యాంటుకే తుడుచుకునేవారు, కుడిజేబు ఎప్పుడూ తెల్లగా ఉండేది. ల్యాబులో ఏ సీసా మూత తీయాలన్నా ముందు దాని మీద చీటీ పైకి చదవాలి. చదవనివాడి వీపు మోగేది. "సదవకుండా పోసేవాడు రేపు మనిషికైనా అట్లే పోస్తాడు" అనేవారు. ఆ దెబ్బల పుణ్యమే నా ఫార్మసీ చదువు. ఈ రోజు నేను తింటున్న తిండి ఆయన పెట్టిందే.

పోయిన ఏడాది దగ్గు తగ్గక ఆయనను తిరుపతిలో నేను పనిచేసే ఆస్పత్రికి తెచ్చారు. జబ్బు ముదిరింది, ఆపరేషన్ కుదరదు, రేడియేషన్ కరెంటు పెడుతూ దాంతోపాటే కీమో ఎక్కించాలన్నారు డాక్టరమ్మ. మందుల జోడీలు రెండు చెప్పారు. సిస్‌ప్లాటిన్ ఉన్నదాంట్లో జుట్టు పెద్దగా రాలదు కానీ వాంతులెక్కువ, చెవులు దెబ్బతినవచ్చు. వారం వారం ఎక్కించే కార్బోప్లాటిన్ జోడీతో చెవులకు భయం తక్కువ, జుట్టు మాత్రం రాలుతుంది. "ఈయనకు ఏదైనా ఇవ్వచ్చు. ఏది కావాలో ఆయన్నే అడగండి" అన్నారు.

పెద్దకొడుకు అడగనివ్వలేదు. "నాయనకు క్యాన్సరని సెప్పలేదు, నెమ్మని సెప్పినాము. జుట్టు రాలితే కనిపెట్టేస్తాడు. రాలనిదే ఎక్కించండి" అన్నాడు. సార్ భార్యకు షుగర్‌తో చూపు పోయి నాలుగేళ్లయిందని, ఆ ఇంట్లో మొగుడూ పెళ్లాలు మాటల మీదే బతుకుతున్నారని నాకు తెలుసు. అయినా దద్దమ్మలా నిలబడ్డాను. పైగా ఆయన చదవకుండా మందు సీసాల మీది చీటీలు చించింది ఈ చేతులే.

మొదటి రోజే సార్ అడిగారు. "సీసా మీద చీటీ యాడప్పా?"

"తడికి ఊడిపోయింది సార్."

ఆయన కాసేపు నన్నే చూసి కళ్లు మూసుకున్నారు. వీపు మీద ఒకటి వేసినా బాగుండేది.

రెండో డోసుకు చెవుల్లో హోరు మొదలైంది. మూడోదానికి పక్కన నిలబడి అరిస్తే తప్ప వినపడలేదు. అప్పుడు వచ్చింది నాకు బుద్ధి. అంతా కాగితం మీద రాసిచ్చాను, జుట్టు సంగతి కూడా. రెండుసార్లు చదివారు.

"గుండు కొట్టించుకోనుంటే సరిపోయుండును గదప్పా. తిరుపతిలో గుండును ఎవురు సూస్తారు?" అన్నారు. కాగితం మడిచి నా చేతిలో పెట్టి, "నన్నొక మాట అడిగుంటే మీ సొమ్మేం పోయుండును?" అన్నారు.

మందును తిట్టను. దాని పని అది చేసింది, కొన్ని నెలలు ఇచ్చింది. ఆ నెలలు ఎలా గడపాలో తేల్చుకోవాల్సిన మనిషిని పక్కన కూర్చోబెట్టి మేం తేల్చాం. నా కోపం మేం చేసినదాని మీద, ముందు నా మీద.

చివరిసారి ఇంటికి వెళ్లినప్పుడు సార్ వరండాలో కుర్చీలో కూర్చుని వీధి చూస్తున్నారు. లోపలి నుంచి ఆయన భార్య పిలుస్తోంది. "ఏమండీ, యాడుండారు?" మళ్లీ పిలిచింది. మళ్లీ. నేను నోరు తెరిచేలోపే గోడ పట్టుకుని తడుముకుంటూ వచ్చి, గాలిలో చేయి ఆడించి ఆయన తల దొరకబుచ్చుకుంది. తల నిండా జుట్టు. ఒక్క వెంట్రుక రాలలేదు.